చుక్క లెక్క: మిద్దె మీద తోట, అరగంట కథ, ఒక నాటుకుక్క

మార్చి 2

మిద్దె మీద మొక్కలు పెంచే సంచులు 22 చేరి రెండు నెలలైంది. పొద్దున చెంబుతో నీళ్ళు పోయడానికి 40 నిమిషాలు, సాయంత్రం ఇంకో 40. ఇప్పుడంటే సరే. ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురం ఎండ సంగతి తెలిసిందే, ఒక్క పూట తప్పినా వంకాయ మొక్క తల వాల్చేస్తుంది. నాకేమో ఆఫీసులో నెలాఖరు లెక్కలు. అందుకని చేత్తో పోయడం మానేసి, మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు పడే డ్రిప్పు పెడదామని మొదలుపెట్టాను. మోటారు వద్దు, కరెంటు వద్దు. ఎత్తు మీద డ్రమ్ము, కింద సంచులు, మధ్యలో గొట్టం. అంతే.

ఉన్న సరుకు: వంకాయ 5, టమోటా 4, మిరప 3, ఆకుకూరలు 4, కరివేపాకు 1, మల్లె 1, ఖాళీ సంచులు 4. అన్నీ 15 అంగుళాలవే. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, బాగా మాగిన గొర్రె ఎరువు సమపాళ్ళలో కలిపి నింపాను. తడిసిన సంచిని ఒకదాన్ని పాత సామాన్ల కొట్టు కాటా మీద పెట్టి చూస్తే 34 కిలోలు. 22 సంచులంటే ముక్కాలు టన్ను. ఆ లెక్క తేలిన రోజే మిద్దె నడిమధ్యన ఉన్నవాటిని లాగి గోడల మీదుగా, బీముల మీదికి వచ్చేలా సర్దాను. సంచుల కింద ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాడిపత్రి బండ ముక్కలు, వాటి కింద రెండేసి ఇటుకలు. నీళ్ళు నిలిచి స్లాబు చెమ్మగిల్లితే అమ్మ నన్ను ఇంట్లో ఉండనివ్వదు.

డ్రిప్పు అనగానే ఎదురు చెప్పింది మా అమ్మాయి. నేను చెంబు పట్టుకుని తిరిగే ఆ 40 నిమిషాలూ మెట్ల గది నీడలో కూర్చుని నాకు కథలు చదివి వినిపిస్తుంది. ఎనిమిదో తరగతి. గ్రహాలు, రోబోలు, రేపటిలోంచి నిన్నటికి వచ్చినవాళ్ళు, ఇవే దాని లోకం. నేనే చిన్న కథలు పెట్టుకొమ్మన్నాను. నవల అయితే మిరపచెట్టు దగ్గర మొదలై వంకాయల దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఎవరో మర్చిపోతాను. "డ్రిప్పు పెట్టేస్తే ఇంక నువ్వు పైకి రావు కదా నాన్నా" అంది. అదీ నిజమే. కాబట్టి ఒక షరతు మీద ఒప్పందం కుదిరింది: టైమరు కొనకూడదు. వాల్వు తిప్పితే కథ మొదలు, కథ అయిపోతే వాల్వు బంద్.

ఇంట్లో ఇంకో సభ్యురాలు చుక్క. ఏడాది వయసు నాటుకుక్క, గోధుమరంగు, నుదుటి మీద తెల్లమచ్చ. నిరుడు వానకి గేటు కింద దూరి వచ్చింది, మళ్ళీ పోలేదు.

మార్చి 8

సామాను తెచ్చాను. 100 లీటర్ల నీలం డ్రమ్ము, ట్యాంకు నిపిల్, బాల్ వాల్వు, చిన్న స్క్రీన్ ఫిల్టరు, సంచుల వెంట పరిచే 16 ఎంఎం లేటరల్ పైపు 30 మీటర్లు, ఆ పైపుకి గుచ్చే, గంటకు 4 లీటర్ల చొప్పున చుక్కలు వదిలే డ్రిప్పర్లు 25, ఎండ్ క్యాపులు. అనంతపురంలో ఈ ఒక్క విషయంలో లోటు లేదు. చీనీ (బత్తాయి) తోటల పుణ్యమా అని డ్రిప్పు సామాను కిరాణా సరుకంత సులువుగా దొరుకుతుంది. మూడడుగుల ఇనుప స్టాండు వెల్డింగు షాపులో చేయించాను. డ్రమ్ము నిండితే నూరు కిలోలు కాబట్టి స్టాండును పిల్లరు తలకాయ మీదే నిలబెట్టాను.

పైపుకి రంధ్రాలు పొడవడం బాగుంది, ఏదో బడి ప్రాజెక్టులా. పైపు చలికి బిర్రుగా ఉంటే డ్రిప్పరు దిగదు. గంటసేపు ఎండలో పరిచి పెడితే మెత్తబడి చక్కగా దిగింది. సాయంత్రానికి పని పూర్తి.

మార్చి 9

ఘోరం. వాల్వు తిప్పి, ఒక డ్రిప్పరు కింద స్టీలు గ్లాసు పెట్టి 20 నిమిషాలు చూశాను. గంటకు 4 లీటర్లంటే 20 నిమిషాలకి లీటరుంపావుకు పైగా రావాలి. వచ్చింది 350 మిల్లీలీటర్లు. మూడుసార్లు కొలిచాను, అంతే. కథ మాత్రం అయిపోయింది. సంచి పైన ఉసిరికాయంత తడి మరక, లోపల వేలు పెడితే పొడి.

చిన్నాయనకి ఫోన్ చేశాను. గార్లదిన్నె దగ్గర ఆయనకి నాలుగెకరాల చీనీ తోట, పాతికేళ్ళుగా డ్రిప్పుతోనే సంసారం. పగలబడి నవ్వాడు. "ఒరే, అది పది మీటర్ల నీళ్ళ బరువుకు నాలుగు లీటర్లు ఇచ్చే డ్రిప్పరు. నువ్వు మూడడుగుల స్టూలు మీద డ్రమ్ము పెట్టి నాలుగు లీటర్లు రావాలంటే యాడి నుంచి వస్తాదిరా?"

కూర్చుని లెక్కేస్తే ఆయన మాటే నిజం. స్టాండు 90 సెంటీమీటర్లు, డ్రమ్ములో సగం నీళ్ళు ఇంకో 30, అందులోంచి సంచి ఎత్తు 38 తీసేస్తే మిగిలింది 80 సెంటీమీటర్ల చిల్లర. డబ్బా మీద రాసిన 4 లీటర్లు ఒక బార్ ప్రెషర్‌కి, అంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్ళకి. నాకున్నది అందులో పన్నెండో వంతు. అయితే ప్రెషర్ పన్నెండో వంతుకు పడిపోతే నీళ్ళు కూడా పన్నెండో వంతుకు పడిపోవు. వర్గమూలం లెక్కన తగ్గుతాయి. 12కి వర్గమూలం దాదాపు మూడున్నర. నాలుగు లీటర్లను మూడున్నరతో భాగిస్తే గంటకు 1.1 లీటర్లు, 20 నిమిషాలకి 380. నేను కొలిచింది 350, మిగతాది ఫిల్టరు మింగి ఉంటుంది. రోజంతా లెక్కలు చేసే మనిషిని, డబ్బా మీద అంకె చూసి మోసపోయాను. డబ్బా తప్పేం లేదు.

చిన్నాయన చెప్పిన మందు: స్టాండు ఎత్తు పెంచొద్దు, గాలికి పడిపోతుంది. డ్రిప్పర్లు మార్చు, 8 లీటర్లవి పెట్టు.

మార్చి 15

మార్చాను. 20 నిమిషాలకి 700 మిల్లీలీటర్లు. అరగంటకి లీటరు పైన. రెండు పూటలా అరగంట చొప్పున వదిలితే సంచికి రెండు లీటర్ల చిల్లర, మొత్తం రోజుకి 48 లీటర్ల దాకా. డ్రమ్ము రెండు రోజులు వస్తుంది. డ్రమ్ము నిండుగా ఉన్న రోజు ధార ఎక్కువ, అడుగంటిన రోజు తక్కువ. అందుకని మా అమ్మాయి కథల పుస్తకాల్లో పెన్సిలుతో గుర్తులు పెడుతోంది: "నిండు డ్రమ్ము కథ", "అడుగు డ్రమ్ము కథ". పొడుగు కథలన్నీ రెండో రోజుకి.

మార్చి 16

ఖాళీగా ఉన్న నాలుగు సంచుల్లో చెనక్కాయ (వేరుశనగ) పెట్టాను. కూరగాయల మధ్య ఇదేంటని అందరూ అడిగారు. అనంతపురంలో పుట్టి, చెనిక్కాయ పంట మీద పెరిగి, అది భూమిలోకి దిగడం నా కళ్ళతో దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు, అదీ కారణం. చిన్నాయన ఇచ్చిన కదిరి-6 విత్తనం, సంచికి మూడు గింజలు, రెండంగుళాల లోతు. ఎండాకాలంలో పూత నిలవదని ఆయన ముందే చెప్పాడు. చూద్దాం.

మార్చి 23

చెనక్కాయ పన్నెండుకి పదకొండు మొలిచింది. ఆ ఒక్కటీ చుక్క లాగేసి ఉంటుందని నా అనుమానం.

ఈ వారం మా కథలన్నీ అంతరిక్షంలో పంటల మీదే పడ్డాయి. కథల మధ్యలో నిజాలు కూడా వెతుక్కున్నాం, కథల కన్నా అవే బాగున్నాయి. 2019 జనవరిలో చైనావాళ్ళ చాంగె-4 నౌకలో పెట్టి పంపిన పత్తి గింజ చంద్రుడి మీద మొలకెత్తింది, అక్కడి రాత్రి చలికి చచ్చిపోయింది. మన ఇస్రోవాళ్ళు 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్లో పంపిన పెట్టెలో 8 అలసంద గింజలున్నాయి. అవి నాలుగు రోజుల్లో మొలిచాయి. అలసందలు అనేసరికి అమ్మకి కూడా ఆసక్తి పుట్టింది. అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ విన్నదీ విననట్టు ఉండేది.

"అలసందలా? మరి పైకి పోయినాక కూర వండుకుండేది ఎవురు?" అంది.

పాత పెయింటు డబ్బాలో మా అమ్మాయి కూడా లెక్కపెట్టి 8 అలసందలు పెట్టింది. మూడో రోజుకే ఏడు మొలకలు. భూమి గెలిచిందని నోటుబుక్కులో రాసుకుంది. మన డబ్బాలో ఒక గింజ ఇంకా మొలవలేదని నేను గుర్తు చేస్తే ఆ పేజీ మూసేసింది.

ఏప్రిల్ 5

ఏడో నంబరు డ్రిప్పరు (మిరప) తేడాగా కారుతోంది. మూడు చుక్కలు, ఆగడం, రెండు చుక్కలు, ఆగడం, మళ్ళీ మూడు. మా అమ్మాయి పావుగంట దాని ముందు గొంతుకూర్చుని, అది ఎక్కడో గ్రహం నుంచి వస్తున్న సందేశమని తేల్చి, ఒక పేజీ కథ రాసేసింది. పుస్తకాల్లో కథలు అయిపోవస్తున్నాయి కాబట్టి ఇకమీద మనమే రాద్దామని దానికదే తీర్మానం. ఆ కథలో సందేశం అర్థం చేసుకునేది చుక్క ఒక్కతే. కానీ ఎవరికీ చెప్పలేదు, మొరిగితే "ష్" అంటారు.

నిజానికి అది ఉప్పు. మా బోరు నీళ్ళకి బకెట్టు అంచున తెల్లటి గార కడుతుంది, డ్రిప్పరు సందులోనూ అదే. అన్నీ ఊడదీసి, లీటరు నీళ్ళకి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టాను. పొద్దున కడిగి పెడితే చక్కగా పనిచేశాయి. మా అమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాళ్ళు మాట మధ్యలో ఉండగా నేను తెంపేశానట.

ఇంకో మాట: డ్రమ్ములోకి వెలుతురు పోయి నాచు పట్టింది. పాత గోనెసంచి చుట్టి కట్టాను.

ఏప్రిల్ 14

చెనక్కాయకి తొలిపూత. విత్తిన ఇరవై తొమ్మిదో రోజు. పసుపు పువ్వు, పొద్దున తొమ్మిదికల్లా వాడుముఖం. టమోటాకి పూత వచ్చింది వచ్చినట్టే రాలుతోంది. పగలు 40 దాటాక, రాత్రులు కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, ఎంత నీళ్ళు పోసినా లాభం లేదు. సగం ఎండని ఆపే 50 శాతం గ్రీన్ నెట్ కట్టాను. దాంతో చుక్కకి కూడా మంచిదైంది. మధ్యాహ్నం స్లాబు మీద మన అరచెయ్యి వెనుకభాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలకి కూడా కష్టమే. నెట్ కింద తోటకూర సంచిలో చల్లటి మట్టి తవ్వుకుని పడుకుంటోంది. తోటకూర పోయింది. పోనీ.

ఏప్రిల్ 19

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయాలి.

మొన్న వంకాయలకి బలం చాలడం లేదని ఎరువుల దుకాణానికి వెళ్ళాను. వేపచెక్క అయిపోయిందని ఆముదపు చెక్క ఇచ్చాడు. సహజమైనదే, భయం లేదన్నాడు. నేను కూడా రెండో మాట అడగలేదు. ఐదు సంచుల్లో రెండేసి గుప్పిళ్ళు వేసి పైపైన మట్టి కప్పాను.

నిన్న సాయంత్రం కథ నడుస్తుండగా చుక్క వంకాయ సంచి తవ్వుతుంటే చల్లదనం కోసమనుకున్నాను. తింటోందని చూడలేదు. నూనె తీసిన చెక్క వాసన కుక్కలకి ఇష్టమని అప్పుడు తెలియదు. రాత్రి పదకొండుకి మొదటి వాంతి. రెండు గంటలకల్లా నాలుగైదు. తెల్లవారేసరికి తులసికోట పక్కన పడుకుని తల ఎత్తడం లేదు. పిలిస్తే తోక మాత్రం ఒకసారి నేలకి కొట్టింది.

పశువుల ఆసుపత్రి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తినింది?" నేను మట్టి అన్నాను. "మట్టిలో ఏం వేశారు?" అప్పుడు చెప్పాను. ఆయన మొహం మారింది. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. గానుగ ఆడితే నూనెలోకి రాదు, చెక్కలోనే మిగిలిపోతుంది. అందుకే మనం ఆముదం తాగినా ఏమీ కాదు, కుక్క ఆముదపు చెక్క తింటే ప్రాణం మీదికి వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, ఒంట్లో నీరు పోకుండా చూసుకుంటూ ఎదురుచూడ్డమే.

మూడు సీసాలు ఎక్కించారు. మా అమ్మాయి పక్కన కూర్చుని సెలైన్ గొట్టంలోని చుక్కలు లెక్కపెట్టింది.

ఏప్రిల్ 22

లేచింది. నిన్న గంజి తాగింది, ఇవాళ పెరుగన్నం. డాక్టరు ఇంకో వారం జాగ్రత్త అన్నారు.

ఐదు వంకాయ సంచుల్లో పై ఆరంగుళాల మట్టి మొత్తం తీసేసి, మిగిలిన చెక్కతో కలిపి గోతంలో కట్టి చిన్నాయన తోటకి పంపాను. అక్కడ కుక్క లేదు. వంకాయలకి వేళ్ళు కదిలి రెండు మొక్కలు చచ్చాయి. ఇకమీద మిద్దె మీదికి వచ్చే ప్రతి సంచి మీదా ఏముందో చదివి, "కుక్క తింటే?" అని అడిగాకే డబ్బులిస్తాను. వేపచెక్క చేదు కాబట్టి చుక్క దాని జోలికి పోదు. అయినా లోతుగా కప్పి, పైన ఇటుక ముక్కలు పరుస్తున్నాను.

మే 4

కథల సంగతి. వేసవి సెలవులు, అమ్మాయి రోజుకి రెండు పూటలా కథ అడుగుతోంది. దాని వంతు రెండు, నా వంతు ఒకటి. నేను రాసినవాటిలో ఒక్కటే పాసైంది. అందులో మేఘాలకి కూడా సర్వే చేసి పట్టాదారు పాసుపుస్తకాలు ఇచ్చారు. ఎవరి మేఘం వాళ్ళ పొలం మీదే కురవాలి. బళ్ళారి ఆసామి మేఘం ఒకటి అనంతపురం మీదుగా పోతూ ఒక ఎండిపోయిన చెనిక్కాయ చేను చూసి రెండు నిమిషాలు ఆగింది. ఆగినందుకు దాని మీద కేసు. ఆ రెండు నిమిషాల్లో పడిన వానని రైతు తిరిగి ఇచ్చేయాలని తీర్పు. రైతు బిందె పట్టుకుని నిలబడ్డాడు, ఆకాశంలోకి ఎట్లా పోయాలో తెలియక. అక్కడ ఆపేశాను.

అమ్మాయి ఫర్వాలేదంది. అమ్మ చిక్కుడుకాయ గిన్నె పక్కన పెట్టి, "మోడానికి గట్లు ఎవురు ఏసినార్రా? గట్టు రాయి యాడ పాతినారు?" అని అడిగింది. ఆలోచించలేదని ఒప్పుకున్నాను. "మరి అదే కదరా కథ" అంది.

అప్పటి నుంచి నేను రాసేది ముందు అమ్మకి చెప్తున్నాను. ఆమె అడిగే ప్రశ్నలన్నీ అట్లానే ఉంటాయి. అంగారకుడి మీద ఊరు కడితే పెంట ఎక్కడ వేస్తారు? రోబో కోడలికి పుట్టిల్లు ఏది? అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే ఉప్పు ఉంటుందని, దాన్ని వదిలించకుండా పంట వేస్తే తినడానికి పనికిరాదని చెప్తే, "చౌడు నేల అన్నమాట. జిప్సం ఏసి నీళ్ళు కట్టి కడుక్కోవాల్సిందే" అంది. ఆ ఉప్పు నీళ్ళలో కరుగుతుంది కాబట్టి జిప్సం లేకపోయినా కడగడం మట్టుకు ఆమె చెప్పిన దారే.

మే 11

చెనక్కాయ ఊడలు దిగుతున్నాయి. ఇది చూడ్డానికే కదా పెట్టింది. పువ్వు వాడిపోయిన చోట నుంచి ఊదారంగు సూది లాంటిది బయటికి వచ్చి, కిందికి వంగి, రోజుకి కొంచెం కొంచెంగా మట్టి వైపు పోతుంది. కొన్ని ఊడలు కొమ్మకి మరీ ఎత్తులో పుట్టి, నేలని అందుకోలేక గాలిలోనే ఎండిపోతున్నాయి. వాటి కోసం పక్కల నుంచి మట్టి ఎగదోశాను. అమ్మాయి ఒక ఊడ పక్కన అగ్గిపుల్ల గుచ్చి కొలిచింది. నాలుగో రోజుకి కొస మట్టిలోకి పోయింది.

ఈ సమయంలో కాయకి కాల్షియం కావాలి. పొలంలో అయితే ఎకరాకి 200 కిలోల జిప్సం. ఎకరా 4,047 చదరపు మీటర్లు, నా సంచి నోరు 0.11 చదరపు మీటరు. భాగిస్తే సంచికి ఐదున్నర గ్రాములు, అంటే టీ చెంచాడు. చిన్నాయనకి ఈ లెక్క చెప్తే, "చెంచాతో జిప్సం ఏసిన రైతు జిల్లాలో నువ్వొక్కడివే" అన్నాడు.

పూత చాలా వచ్చింది, ఊడలు తక్కువ. ఆయన చెప్పినట్టే ఎండకి పూత ఎక్కువ భాగం వట్టిపోయింది.

మే 21

42 డిగ్రీలు. పిండినల్లి వంకాయలకి పట్టింది, వేపనూనె కొట్టాను. మొన్న మంచి కథ దొరికి ముగ్గురం మైమరచి వాల్వు సంగతి మర్చిపోయాం. గంటన్నర. డ్రమ్ము అడుగంటింది, సంచుల కింద నుంచి ఎర్రనీళ్ళు కాలువ కట్టి మెట్ల మీదికి వచ్చాయి. అమ్మ ఏమీ అనలేదు, కథ ఆమెకి కూడా నచ్చింది కాబట్టి.

జూన్ 1

ఇవాళ పొద్దున అమ్మాయికి గొంతు నొప్పి, నాకు రాసింది ఏమీ లేదు. వాల్వు తిప్పేశాను, నీళ్ళు పడుతున్నాయి, కథ లేదు. అమ్మ తనంతట తానే మొదలుపెట్టింది. అమ్మాయి గబగబా నోటుబుక్కు తెచ్చి, విన్నది విన్నట్టు రాసుకుంది. ఇది దాని రాతలోంచి:

"ఒక ఊర్లో ఒక బావి ఉన్నింది. ఊరు చుట్టూరా బోర్లు ఏసినారు. బావి ఎండిపాయ. చెత్త ఏస్తా ఏస్తా వచ్చినారు. ఒక రాత్రి బావి లేసింది. లేసి, ఒళ్ళు దులుపుకోని, నడుస్సుకుంటా పొయ్యి రచ్చబండ మీద కూర్చునింది. తెల్లారి జనాలు చూస్తే బావి ఉన్న చోట బావి లేదు, చదునుగా నేల ఉంది. రచ్చబండ మీద బావి కూర్చోనుంది. పెద్దమనుషులు వచ్చి ఏమమ్మా అంటే, లెక్క చూసుకుందాం రాండి అనింది. ఏం లెక్క అంటే, మీ తాతలు తోడింది, మీ నాయనలు తోడింది, అంతా నా దగ్గర రాసిపెట్టుండాది అనింది. యాడ రాసిపెట్టినావు అంటే, ఒరల మీద చూడండి అనింది. ఒరల రాళ్ళ మీద తాడు ఒరుసుకోని ఒరుసుకోని పడిన గాట్లు ఉంటాయి కదా, అవి. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు. ఇది ఫలానా ఇంటి గాటు, ఇంత లోతు అని చదవబట్టింది."

నేను పాతికేళ్ళుగా లెడ్జర్లు చూస్తున్నాను. బావి ఒర మీద తాడు గాట్లు కూడా లెడ్జరేనని ఎప్పుడూ తట్టలేదు. మా ఊరి బావికి అలాంటి గాట్లుండేవి, చిన్నప్పుడు వాటిలో వేలు పెట్టి జార్చేవాణ్ణి. సరిగ్గా ఒక వేలు పట్టేది.

మరి ఊరివాళ్ళు ఎట్లా తీర్చారు అని అమ్మాయి అడిగింది. అమ్మ డ్రమ్ము వైపు చూసి, "అరగంట అయిపాయ. వాల్వు కట్టేయ్. మిగతాది సాయంత్రం" అంది.

సాయంత్రం మా అక్క ధర్మవరం నుంచి కారులో వచ్చి, పట్టుబట్టి అమ్మని మూడు వారాలకి తీసుకుపోయింది.

జూన్ 9

వాన. మొదటి గట్టి వాన. గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా పెట్టి కొలిస్తే 22 మిల్లీమీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. మా మిద్దె 80 చదరపు మీటర్లు, అంటే 1,760 లీటర్లు. అందులో నేను పట్టుకున్నది డ్రమ్ముడు. మిగతాదంతా గొట్టం గుండా వీధి కాలువలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అనంతపురానికి ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ లెక్కన మా మిద్దె మీద ఏడాదికి 44,000 లీటర్లు పడుతుంది, నా తోటకి రోజుకి 48 చాలు. రెండున్నరేళ్ళ నీళ్ళు. లెక్కకే అనుకోండి, అంతా పట్టడం కుదరదు. కానీ ఇంకో రెండు డ్రమ్ములకి చోటుంది.

మూడు రోజులు నీళ్ళు పెట్టే పని లేదు. కాబట్టి కథ కూడా లేదు. రెండో రోజు సాయంత్రం తుంపర్లలో మా అమ్మాయి పైకి వెళ్ళి వాల్వు తిప్పి, కిందికి వచ్చి ధర్మవరానికి ఫోన్ చేసింది: "జేజీ, నీళ్ళు వదిలినాను, చెప్పు." అది ఫోన్లో చెప్పే కథ కాదని అమ్మ పెట్టేసింది. తడిసిన సంచులకి మళ్ళీ నీళ్ళు పెట్టినందుకు నేను కోప్పడాల్సింది, కోప్పడలేదు.

జూన్ 20

చుక్క మూడో నంబరు చెనక్కాయ సంచి తవ్వేసింది. మూతికి ఎర్రమట్టి, నోట్లో పచ్చి కాయ, చెవులు వెనక్కి. తిట్టేముందు గుండె ఆగినంత పనైంది, ఏప్రిల్ గుర్తొచ్చి. ఈ సంచిలో వేసింది జిప్సం, వేపచెక్క, అంతే. డాక్టరుకి ఫోన్ చేసి అడిగితే, తాజా చెనక్కాయ నాలుగు తిన్నా ఫర్వాలేదు, బూజు పట్టినవి మాత్రం కుక్కకైనా మనిషికైనా పెట్టొద్దు, ఆ బూజు విషం కాలేయాన్ని తింటుంది అన్నారు. సంచుల చుట్టూ కోడివల కట్టాను.

జూలై 1

పీకాం. విత్తిన 107వ రోజు. ముందు ఒక కాయ ఒలిచి పొట్టు లోపల నల్లబడిందో లేదో చూడమని చిన్నాయన చెప్పాడు, నల్లమచ్చలు వచ్చాయి. మూడు సంచుల నుంచి 71 కాయలు. చుక్క తవ్విన సంచి నుంచి ఇంకో 6. పొలంలో అయితే ఒక మంచి చెట్టుకే ఇరవై పైన ఉంటాయని చిన్నాయన నవ్వాడు. ఖరీఫ్‌లో, వానలో మళ్ళీ పెడతాను, అప్పుడు మాట్లాడుకుందాం.

అమ్మ నిన్ననే వచ్చింది. కాయలు తనే లెక్కపెట్టి, ఉప్పేసి ఉడకబెట్టింది. చుక్కకి ఉప్పు లేకుండా రెండు పక్కన పెట్టింది. అమ్మాయి బావి సంగతి ఎత్తగానే, "చెప్తానుండవే, దాన్ని అట్లే కూర్చోనుండనీ. నీళ్ళు వదిలేటప్పుడు చెప్తా" అంది.

చేయాల్సినవి: ఫిల్టరు కడగాలి, మూడు వంకాయ సంచుల్లో మట్టి మార్చాలి, డ్రమ్ములు రెండు బేరమాడాలి. వాన రెండు రోజులుగా లేదు. రేపు పొద్దున ఆరున్నరకి వాల్వు తిప్పాలి.